చిగుళ్ల వ్యాధి: ఏ చికిత్స, విశాఖలో ఎక్కడ?

పళ్లు తోముకుంటుంటే ఉమ్మిలో రక్తం కనిపిస్తుంది. లేదా కింది ముందుపళ్లు కొద్దిగా కదులుతున్నట్టు తెలుస్తుంది. ఒక క్లినిక్‌కు వెళితే క్లీనింగ్ చాలంటారు. రెండో చోట లేజర్ చేయించుకోమంటారు. మూడో చోట కదిలే పళ్లన్నీ తీసేసి ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో బిగించే కృత్రిమ పళ్లు, పెట్టించుకోమంటారు. ఒకే నోటిని చూసి ముగ్గురు మూడు మాటలు చెప్పారంటే వారిలో ఎవరో మోసగిస్తున్నారనే అనుకోనక్కర్లేదు. చాలాసార్లు వ్యాధి ఎంత లోతుకు వెళ్లిందో కొలవకుండానే, లేదా కొలిచినా రోగికి చెప్పకుండానే, మాట చికిత్స మీదికి వెళ్లిపోతుంది. రోగి చేతిలో ఖర్చు లెక్క తప్ప ఇంకేమీ ఉండదు. ఇక ఎంచుకోవడం దేని ఆధారంగా?

అందుకే ముందుగా గట్టిగా చెబుతున్నాను. మీ చిగుళ్ల కొలతలు మీకు తెలియకముందు ఏ చికిత్సకూ ఒప్పుకోకండి. ఆ కొలతలు తెలిస్తే పై మూడు సలహాల్లో ఏది మీకు సరిపోతుందో మీరే చాలావరకు తేల్చుకోగలరు.

ముందు తెలుసుకోవాల్సినవి

పాచి అంటే పంటికి అంటుకున్న అన్నం మెతుకో, కూర ముక్కో కాదు. అది పంటి మీద గూడు కట్టుకున్న బ్యాక్టీరియా పొర. రోజూ సరిగా తోమితే పోతుంది. తోమకుండా మిగిలిన చోట లాలాజలంలోని ఖనిజాలు చేరి, నీళ్లు కాచే గిన్నె అడుగున పెచ్చు కట్టినట్టు, కొద్ది రోజుల్లోనే గారగా గట్టిపడుతుంది. గార బ్రష్‌కు లొంగదు. దాని గరుకు మీద మళ్లీ పాచి సులువుగా పట్టుకుంటుంది.

ఇక్కడి నుంచి వ్యాధికి రెండు దశలు. మొదటిది చిగుళ్ల వాపు. చిగుళ్లు ఎర్రబడతాయి, ఉబ్బుతాయి, ముట్టుకుంటే రక్తం వస్తుంది. ఎముకకు ఇంకా నష్టం జరగదు. ఈ దశ పూర్తిగా నయమవుతుంది. 1965లో డెన్మార్క్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న కొందరితో పళ్లు తోమడం మాన్పించి చూశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం రోజుల్లో మామూలయ్యాయి. చిగుళ్ల వాపుకు పాచే కారణమని అంత సూటిగా నిరూపించిన ప్రయోగం అది.

రెండో దశ పెరియోడాంటైటిస్. మన పెద్దవాళ్లు పయోరియా అనేది దీన్నే. వాపు లోపలికి పాకి, పంటిని పట్టి ఉంచే తంతువులనూ ఎముకనూ కరిగిస్తుంది. పంటికీ చిగురుకూ మధ్య సందు లోతుగా మారుతుంది. డాక్టర్లు దాన్ని పాకెట్ అంటారు. ఒకసారి తగ్గిన ఎముక చాలావరకు తిరిగి రాదు. చికిత్సతో వ్యాధిని ఆపగలం, ఉన్న ఎముకను కాపాడుకోగలం. ఈ దశలో కూడా నొప్పి సాధారణంగా ఉండదు. "నొప్పి లేదు కదా" అనుకుంటూనే చాలామంది పళ్లు పోగొట్టుకుంటారు.

ఏ దశో తేల్చేది ప్రోబ్ అనే సన్నని సాధనం. దాని మీద మిల్లీమీటర్ల గుర్తులు ఉంటాయి. ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల చిగురు సందులోకి మెల్లగా దించి లోతు చూస్తారు. 1 నుంచి 3 మి.మీ. వరకు, రక్తం రాకుండా ఉంటే చిగురు ఆరోగ్యంగా ఉన్నట్టే. 4, 5 వస్తే వ్యాధి లోపలికి దిగిందేమో జాగ్రత్తగా చూడాలి. 6, అంతకుమించి వస్తే లోతైన పాకెట్. ఈ అంకెలను ఒక పటంలో రాస్తారు. దాని నకలు అడగండి, లేదా ఫోనులో ఫొటో తీసుకోండి. అద్దం పెట్టి నోట్లోకి ఒక చూపు చూసి "సర్జరీ కావాలి" అంటే ఆ మాటకు ఆధారం లేదు.

దీనికి తోడు ఎక్స్‌రే కావాలి. పెద్ద ఎక్స్‌రే, అంటే ఓపీజీ, నోరంతా ఒకేసారి చూపిస్తుంది. అనుమానం ఉన్న పళ్లకు తీసే చిన్న ఎక్స్‌రేలో ఎముక ఎక్కడ, ఏ ఆకారంలో తగ్గిందో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పళ్లు ఎంత కదులుతున్నాయన్నది కూడా రాయించుకోవాలి. పక్కకు కొద్దిగా కదిలే పంటికి ఆశ ఉంటుంది. పైకీ కిందికీ కదిలే పంటిని నిలబెట్టడం చాలా కష్టం.

మిగిలిన రెండు సంగతులు మీ గురించి. ఒకటి, షుగర్, పొగాకు. 2018లో వెలువడిన అంతర్జాతీయ వర్గీకరణలో ఈ రెంటికీ ప్రత్యేక స్థానం ఇచ్చారు. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) 7 శాతం, అంతకుమించి ఉన్నా, రోజుకు 10 లేదా అంతకంటే ఎక్కువ సిగరెట్లు తాగినా, వ్యాధి వేగంగా ముదిరే వర్గంలో చేరుస్తారు. రెండోది, మీరు ఎన్నిసార్లు రాగలరు? చిగుళ్ల చికిత్స ఒక్క రోజులో ముగిసేది కాదు. నాలుగుసార్లు రాలేని మనిషికి నాలుగుసార్ల చికిత్స మొదలుపెడితే అది సగంలోనే ఆగుతుంది.

చికిత్సలు పక్కపక్కన

| చికిత్స | ఎవరికి | ఎన్నిసార్లు రావాలి | ఖర్చు | దీనితో కానిది |
|---|---|---|---|---|
| స్కేలింగ్ (పైనున్న గార తీసే మామూలు క్లీనింగ్) | గార, రక్తం ఉండి ఎముక తగ్గనివారికి | 1 లేదా 2 | తక్కువ | లోతైన పాకెట్‌లోని గార తీయడం |
| డీప్ క్లీనింగ్ | 4 మి.మీ., ఆ పై పాకెట్లు ఉన్నవారికి | 2 నుంచి 4, తర్వాత మళ్లీ కొలత | మధ్యస్థం | పోయిన ఎముకను తేవడం |
| ఫ్లాప్ సర్జరీ | డీప్ క్లీనింగ్ తర్వాతా 6 మి.మీ. మిగిలిన చోట | ఒక్కో భాగానికి ఒకసారి, కుట్లకు ఒకసారి | ఎక్కువ | చిగురు వేరు వైపు జారకుండా ఆపడం |
| ఎముక పొడి నింపడం | పంటి పక్కన సన్నగా, లోతుగా గుంట పడ్డ చోట | సర్జరీతో పాటే | ఇంకా ఎక్కువ | ఎముక అంతటా సమంగా తగ్గిన చోట పెంచడం |
| పన్ను తీసి కట్టుడు పళ్లు లేదా ఇంప్లాంట్ | ఏ చికిత్సకూ నిలవని పంటికి | చాలా | కట్టుడు పళ్లకు తక్కువ, ఇంప్లాంట్‌కు అన్నిటికంటే ఎక్కువ | వ్యాధి కారణాన్ని తొలగించడం |

స్కేలింగ్ గురించి మన ఊళ్లో ఒక భయం బలంగా ఉంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని, సందులు పడతాయని. నిజానికి ఆ సందులు ముందే ఉన్నాయి, గార వాటిని పూడ్చి ఉంచింది. గార తీయగానే అవి బయటపడతాయి. వాచిన చిగురు తగ్గి పన్ను కాస్త పొడవుగా కనిపిస్తుంది. కొన్ని రోజులు చల్లటి నీళ్లు జివ్వుమంటాయి. ఇవన్నీ మామూలే. గారను అలాగే వదిలేస్తేనే పళ్లు నిజంగా వదులవుతాయి.

డీప్ క్లీనింగ్ గురించి ఎక్కువగా చెప్పాలి. పాకెట్లు ఉన్న చాలామందికి మొదటి చికిత్స ఇదే కావాలి, కానీ తరచూ దాటవేసేదీ ఇదే. ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి, చిగురు కింద పంటి వేరు మీది గారను, పాచిని తీస్తారు. నోటిని నాలుగు భాగాలు చేసి రెండు నుంచి నాలుగు విడతల్లో చేయడం మామూలు. కోత ఉండదు, కుట్లు ఉండవు. చేసిన మర్నాటి నుంచే పనికి వెళ్లవచ్చు. అసలు ఫలితం చేసిన రోజు తెలియదు. చిగురు మాని బిగుసుకోవడానికి వారాలు పడుతుంది. 6 వారాల నుంచి 3 నెలల మధ్య ప్రోబ్‌తో మళ్లీ కొలిచి, పాత అంకెల పక్కన కొత్త అంకెలు రాయాలి. 5 ఉన్నచోట 3 వచ్చిందా? రక్తం ఆగిందా? ఆ చోట ఇంకేమీ అక్కర్లేదు. ఈ రెండో కొలత లేకుండా నేరుగా సర్జరీకి రమ్మంటే, తప్పించుకోగల సర్జరీ కూడా చేయించుకోవాల్సి రావచ్చు. మొదటి రోజే 7 చూపిన పాకెట్ డీప్ క్లీనింగ్‌తోనే 4కు దిగడం అరుదేమీ కాదు.

దిగకపోతే ఫ్లాప్ సర్జరీ. చిగురును కొద్దిగా కోసి తెరిచి, వేరును కంటితో చూస్తూ శుభ్రం చేసి, తిరిగి కుడతారు. నోటి ఆ భాగానికి మాత్రమే మత్తు ఇస్తారు. కుట్లు వారం, పది రోజుల్లో తీస్తారు. లోతైన పాకెట్లకు, ముఖ్యంగా రెండు మూడు వేర్లు ఉండే దవడ పళ్లకు ఇది బాగా పనికివస్తుంది. ఆ వేర్ల మధ్య సందులోకి చూడకుండా సాధనం పంపడం కష్టం. నష్టం ఏమిటంటే చిగురు వేరు వైపు జారుతుంది, పళ్లు పొడవుగా కనిపిస్తాయి. ముందు పళ్లకు చేయించుకునేవారు ఈ మాట ముందే అడిగి తెలుసుకోవాలి. ఎముక పొడి విషయంలో గుంట ఆకారమే ముఖ్యం. సన్నటి లోతైన గుంటలో అది నిలుస్తుంది. ఎముక అంతటా సమంగా తగ్గిన చోట పొడి నింపితే డబ్బు వృథా.

లేజర్ గురించి ప్రకటనలు చాలా చెబుతాయి. నొప్పి లేదు, రక్తం లేదు, ఒక్క సిట్టింగ్ చాలు అంటారు. యూరప్ పెరియోడాంటాలజీ సమాఖ్య 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు డీప్ క్లీనింగ్‌కు తోడుగా లేజర్ వాడవద్దనే సూచించాయి. మామూలు పద్ధతి మీద చెప్పుకోదగ్గ అదనపు లాభం రుజువు కాలేదు. లేజర్‌కు అడిగే ఎక్కువ డబ్బును మీరు మెయింటెనెన్స్ క్లీనింగ్‌కు, అంటే చికిత్స తర్వాత కొన్ని నెలలకోసారి చేయించుకునే క్లీనింగ్‌కు, వాడుకోవచ్చు. నేను రెండోదే ఎంచుకోమంటాను.

యాంటీబయాటిక్ మాత్రలు గారను కరిగించవు. చీము పట్టి వాచినప్పుడు, జ్వరం ఉన్నప్పుడు, లేదా చిన్న వయసులోనే వేగంగా ముదిరే వ్యాధికి డీప్ క్లీనింగ్‌తో కలిపి డాక్టరు రాస్తే వాడాలి. మందుల షాపులో అడిగి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడేవారు తెలుసుకోవాల్సినది ఒకటుంది. అది మద్యంతో కలిస్తే వాంతులు, గుండె దడ రావచ్చు. రక్తం పలచబడటానికి వాడే వార్‌ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. క్లోరోహెక్సిడిన్ మౌత్‌వాష్ చికిత్స తర్వాత రెండు వారాల వరకు మంచి తోడు. ఆపైన పళ్ల మీద గోధుమ రంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. పేస్టుతో తోముకున్న వెంటనే కాక అరగంట తర్వాత పుక్కిలించండి.

ఉప్పునీటి పుక్కిలింత, నూనె పుక్కిలింత, వేప పుల్ల. ఇవి పైనున్న పాచిని కొంత తగ్గించగలవు, ఉపశమనం ఇవ్వగలవు. చిగురు కిందికి చేరిన గారను ఇవి అందుకోలేవు. బొగ్గుపొడి, ఇటుకపొడి, బూడిద మాత్రం మానేయండి. అవి పంటిని అరగదీస్తాయి. ఒడిశాలో ఎక్కువగా వాడే గుడాకులో పొగాకు ఉంటుంది. దానితో పళ్లు తోమితే వ్యాధిని చేతులారా రుద్దుకున్నట్టే.

పళ్లు తీయించడం చివరి మెట్టు. అయితే కొందరికి అదే సరైన మెట్టు. పైకీ కిందికీ కదిలే పంటిని పట్టుకుని ఏళ్లు గడిపితే పక్క పంటి చుట్టూ ఉన్న ఎముక కూడా తగ్గవచ్చు. కానీ "అన్నీ తీసేసి ఇంప్లాంట్లు పెడితే గొడవ వదిలిపోతుంది" అన్న మాట నమ్మవద్దు. ఇంప్లాంట్ చుట్టూ కూడా ఇలాంటి వ్యాధే వస్తుంది, ఎముక కరుగుతుంది. చిగుళ్ల వ్యాధితో పళ్లు పోయినవారికి ఆ ముప్పు మిగతావారికంటే ఎక్కువ. మిగిలిన నోట్లో వ్యాధిని అదుపు చేయకుండా ఇంప్లాంట్ పెట్టించుకోవద్దు. కొద్దిగా కదిలే పళ్లను పక్క పళ్లతో సన్నని తీగతో కట్టి నిలిపే పద్ధతి కూడా ఉంది. అది చాలామందికి ఎవరూ చెప్పరు, మీరే అడగండి.

విశాఖలో ఎక్కడికి

స్కేలింగ్‌కు మీ వీధిలోని బీడీఎస్ (పళ్ల వైద్యంలో డిగ్రీ) డాక్టరు చాలు. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా అలాంటి క్లినిక్‌లు దండిగా ఉన్నాయి. సాయంత్రాలు తెరిచి ఉంటాయి, స్టీల్‌ప్లాంట్ షిఫ్టులు చేసేవారికి అదే పెద్ద సౌకర్యం. ప్రోబ్‌తో కొలిచే డాక్టరైతే డీప్ క్లీనింగ్ కూడా అక్కడే చేయించుకోవచ్చు. కొలవకపోతే వేరే చోట చూడండి.

6 మి.మీ. పాకెట్లు, కదిలే పళ్లు, సర్జరీ మాట వచ్చినప్పుడు చిగుళ్ల నిపుణుల దగ్గరకే వెళ్లాలి. బోర్డు మీద పేరు పక్కన ఎండీఎస్ (పళ్ల వైద్యంలో పీజీ) ఉంటే చాలదు, ఏ విభాగంలో అన్నది చూడాలి. పెరియోడాంటిక్స్ లేదా పెరియోడాంటాలజీ అని ఉండాలి. కొన్ని క్లినిక్‌లకు నిపుణులు వారంలో ఒకరోజు వచ్చి వెళతారు. సర్జరీ చేసినవారే మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తారా అని ముందే అడగండి.

తక్కువ ఖర్చులో నిపుణుల చికిత్స కావాలంటే నేను ముందు చెప్పేది దంత కళాశాలలు. రుషికొండలో గీతం దంత కళాశాల, తగరపువలస దగ్గర సంగివలసలో అనిల్ నీరుకొండ దంత కళాశాల ఉన్నాయి. అక్కడ చిగుళ్లకు ప్రత్యేక విభాగం ఉంటుంది. విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు. విద్యార్థులనగానే జంకనక్కర్లేదు. కొలతల పటం నింపడం వారి చదువులో భాగం కనుక ఆ పని అక్కడ శ్రద్ధగా జరుగుతుంది. చెల్లించాల్సింది సమయం. ఒక్కోసారి ఉదయమంతా పోతుంది, పగటి వేళల్లోనే వెళ్లాలి, పరీక్షలు, సెలవుల రోజుల్లో ఆలస్యమవుతుంది. పెందుర్తి, గాజువాక నుంచి వెళ్లేవారికి బస్సు ప్రయాణమే ఒక పూట. పదవీ విరమణ చేసినవారికి, విద్యార్థులకు ఇది బాగా కుదురుతుంది. రోజు కూలీ మీద బతికే మనిషికి ఆరు పూటల కూలీ పోతే, చౌక చికిత్స కూడా ఖరీదైనదే అవుతుంది. ఆ లెక్క వేసుకునే నిర్ణయించుకోండి.

మహారాణిపేటలోని ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో దంత విభాగం ఉంది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, అదుపులో లేని షుగర్ ఉన్నవారికి దాని అసలు బలం వేరే ఉంది. మిగతా విభాగాల డాక్టర్లు అదే ఆవరణలో ఉంటారు. ఓపీ రద్దీకి సిద్ధపడి పొద్దున్నే వెళ్లాలి.

ఇంకొక మాట. చాలా ఆరోగ్య బీమా పాలసీలు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ల చికిత్సకు డబ్బు ఇవ్వవు. పాలసీ చదువుకోకుండా దాని మీద ఆశ పెట్టుకోకండి. అంచనా కాగితం మీద రాయించుకోండి. ఫ్లాప్ సర్జరీ ధర పంటికా, నోటి పావు భాగానికా, మొత్తానికా అన్నది అందులో ఉండాలి.

ప్రత్యేకంగా చూడాల్సినవారు

షుగర్ ఉన్నవారు సర్జరీకి ముందు హెచ్‌బీఏ1సీ చూపించాలి. చిగుళ్ల వ్యాధి, షుగర్ ఒకదాన్నొకటి పెంచుతాయి. డీప్ క్లీనింగ్ తర్వాత మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని 2022లో జరిగిన పెద్ద సమీక్షలో తేలింది. కాబట్టి షుగర్ తగ్గాక పళ్ల సంగతి చూద్దామని వాయిదా వేయవద్దు. డీప్ క్లీనింగ్ ముందు చేయించుకోండి, సర్జరీ గురించి తర్వాత ఆలోచించవచ్చు.

బీపీకి ఆమ్లోడిపిన్, మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారిలో కొందరికి చిగుళ్లు పెరిగి పళ్ల మీదికి వస్తాయి. మాత్ర మీరే మానకండి. పళ్ల డాక్టరు రాసిన చీటీతో మాత్ర రాసిన డాక్టరును కలిస్తే మార్చగలరు. రక్తం పలచబడే మాత్రలను కూడా మీరే మానకండి, రాసిన డాక్టరును అడగండి. గుండెలో కృత్రిమ వాల్వ్ ఉంటే స్కేలింగ్‌కు ముందే చెప్పాలి, యాంటీబయాటిక్ ఒక మోతాదు అవసరమవుతుంది.

గర్భిణులకు చిగుళ్ల వాపు, రక్తం ఎక్కువగా కనిపిస్తాయి. స్కేలింగ్ సురక్షితం. నాలుగు నుంచి ఆరో నెల దాకా అనుకూలమైన కాలం. సర్జరీ ప్రసవం తర్వాతే.

పొగ తాగేవారు జాగ్రత్తగా వినాల్సిన మాట ఇది. పొగాకు చిగుళ్లలో రక్త ప్రసరణను తగ్గిస్తుంది. అందుకే వ్యాధి ముదిరినా రక్తం అంతగా రాదు. రక్తం రాలేదు కదా అని ధీమాగా ఉండకూడదు. సర్జరీ ఫలితం కూడా వీరికి తక్కువ. మానకుండా ఎముక పొడికి డబ్బు పెట్టవద్దు. మానడానికి 18001 12356 అనే జాతీయ ఉచిత ఫోను సహాయం ఉంది. మన తీరంలో అడ్డపొగ తాగే తల్లులూ అమ్మమ్మలూ ఇప్పటికీ ఉన్నారు. చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు వారిది. వారిని చిగుళ్ల కోసం తీసుకెళ్లినప్పుడు అంగిలి కూడా చూడమని అడగండి. అడ్డపొగ వల్ల అంగిలి మీద తెల్లటి మచ్చలు, పుళ్లు, క్యాన్సర్ వస్తాయి.

చికిత్స తర్వాత

ఏ చికిత్స ఎంచుకున్నా దానికి అదనంగా ఒక ఖర్చు ఉంటుంది, దాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. ఒకసారి పెరియోడాంటైటిస్ వచ్చినవారు మొదట్లో మూడు నెలలకోసారి, నిలకడగా ఉంటే ఆరు నెలలకు, ఆపైన ఏడాదికోసారి కొలత, క్లీనింగ్ చేయించుకుంటూ ఉండాలి. ఇది మానితే పాకెట్లు తిరిగి లోతవుతాయి. ఇంట్లో మెత్తటి బ్రష్‌ను చిగురు అంచు మీద వాలుగా పెట్టి తోమండి. పళ్ల మధ్య సందులు పెద్దవైనవారికి దారంకంటే సందుల్లోకి దూరే చిన్న బ్రష్‌లు బాగా పనిచేస్తాయి. సందుకు తగిన సైజు ఏదో డాక్టరు చేతే చూపించుకోండి, అన్ని సందులకూ ఒకే సైజు సరిపోదు.

ఈ మధ్యలో దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడం కష్టం కావడం కనిపిస్తే క్లినిక్ తెరిచేదాకా ఆగకండి. కేజీహెచ్ క్యాజువాలిటీకి రాత్రయినా వెళ్లండి.